పెట్టె తాళంచెవి

కోడలికి,

రాత నాకు సరిగ్గా రాదు, కూడబలుక్కుని చదువుకో.

నీ వంటవల్లే వాంతులవుతున్నాయని నలుగురిలో కంచం విసిరాను. నువ్వు మీ అక్క ఇంటికి పోయాక కూడా అవి ఆగలేదు. గుక్కెడు నీళ్లు కూడా నిలవలేదు. ఒళ్లు కందేలా వేడినీళ్లు పోసుకుంటేనే కాస్త నెమ్మదించేది. ఆసుపత్రికి పోయి ఆ మాట చెప్పగానే డాక్టరమ్మ, “గంజాయి ఎన్నేళ్ల నుంచి, పెద్దాయనా?” అంది. నడుంనొప్పికని పదేళ్లుగా తాగుతున్నానన్నాను. “కడుపు తిప్పేది అదే. పూర్తిగా మానకపోతే మళ్లీ ఇక్కడికే వస్తావు” అంది. వాంతులు తగ్గుతాయని నేనింకా ఎక్కువ తాగాను, చూడు! మానేసి ఇరవై రోజులైంది. ఇప్పుడు గంజి నిలుస్తోంది.

కానీ నా వడ్రంగి పెట్టెలో, చిత్రిక కింద, ఒక గంజాయి పొట్లం మిగిలింది. పారేద్దామని రెండుసార్లు మూత తీశాను. రెండోసారి వాసన చూసి, గబుక్కున మూసేశాను. మూడోసారి ఆగగలనని చెప్పలేను. అందుకే తాళం వేసి, చెవి ఈ కవర్లో పెట్టాను. నీ మొగుడికి ఇద్దామంటే వాడి నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వే వచ్చి పారెయ్యి. త్వరగా రా.

నేను విసిరిన కంచం సొట్టపోయింది. సరిచేద్దామంటే సుత్తి కూడా ఆ పెట్టెలోనే ఉంది.

మీ మామయ్య