దీపాలార్పి కొన్న కెమెరా

నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఆ "అందరం"లో చిన్న మెలిక ఒకటుంది. దాని దగ్గరికి మెల్లగా వస్తాను, ముందు మీ ఉత్తరానికి జవాబు. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందని రాశారు, సంతోషం. మీ మనవరాలి దగ్గు ఎలా ఉందని అడిగారు. ఎప్పుడో తగ్గింది. ఇప్పుడు బడి ఎగ్గొట్టడానికి ఆ దగ్గునే సాధన చేస్తోంది. మీ అల్లుడికి చేతినిండా పని. ఎలక్ట్రీషియన్ ఇంట్లో ఒక్క స్విచ్చూ సరిగ్గా పనిచేయదని మీరు వేళాకోళం చేసేవారు కదా, ఈ మధ్య ఆయనకేం పట్టుకుందో గానీ మా మెట్ల పొడుగునా బల్బులు బిగించాడు. ఎందుకిన్ని అంటే, ఎక్కడో పనిలో మిగిలిపోయాయి, పారెయ్యబుద్ధి కాలేదు అన్నాడు. నేను నమ్మాను.

ఇక మీ అసలు ప్రశ్న. "ఫోనులో కెమెరా ఉండగా మళ్లీ ఇంకొకటి దేనికి? అది మెడలో వేసుకుని చీకటిపడ్డాక వీధుల్లో తిరగడమేమిటి? ఇంటిపట్టున ఉండలేవా?" అని రాశారు. "ఇంటిపట్టున" కింద గీత కూడా గీశారు. నాన్నగారూ, నాకు నలభై దాటాయి. కెమెరా కొన్నాను. తిరుగుతున్నాను. మానను. మీరు ఎన్ని గీతలు గీసినా సరే.

ఫోను ఎందుకు చాలదో చెప్తాను. ఫోను చీకటిని ఉన్నదున్నట్టు చూపించదు. కనపడనిచోట తోచింది పూసేస్తుంది. మనుషుల మొహాలు మైనం రాసినట్టు వస్తాయి, ఆకాశం పట్టపగలులా వస్తుంది. నాకు కావలసింది రాత్రి. దాన్ని పగలు చేసి ఇస్తే నేనేం చేసుకోను?

కళ్లజోళ్ల కొట్లో అద్దాలు అరగదీసే నా జీతానికి కొత్త కెమెరాలు అందవు గనక, వాడినవి అమ్మే కొట్టుకు వెళ్లాను. కొట్టాయన చాలా మర్యాదస్తుడు. మూరెడు ముక్కున్న కెమెరా ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"ఇది తీసుకోండమ్మా, చందమామ మీద గుంటలు కూడా లెక్కపెట్టుకోవచ్చు."

"చందమామతో నాకు పనిలేదండీ. మా వీధి మలుపు కనపడితే చాలు."

"పోనీ ఇది. దీంట్లో పిక్సెళ్లు దానికి రెట్టింపు."

"లోపల వెలుగు పడే పలక మాత్రం వేలి గోరంతే ఉంది కదా! రొట్టెని ఎక్కువ ముక్కలు కోస్తే రొట్టె పెరుగుతుందా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను పొద్దస్తమానం అద్దాలతో కాపురం చేసేదాన్ని, ఆ మాత్రం తెలియదా? రాత్రి ఫొటోలకు లోపలి పలక, సెన్సర్ అంటారు, పెద్దదై ఉండాలి. లెన్సు నోరు బాగా వెడల్పుగా తెరుచుకోవాలి. అలాంటి లెన్సుల్లో చవకవి ముందుకీ వెనక్కీ జరగవు. "దగ్గరగా కావాలంటే మీరే నడిచి వెళ్లాలమ్మా" అని భయపెట్టాడు. నడుస్తానన్నాను.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ కొట్టు లైట్ల కింద ఏ కెమెరాతో తీసినా బొమ్మ బాగానే వస్తుంది. అందుకని "ఓసారి లైట్లార్పండి" అన్నాను.

"ఆర్పితే కొట్టు కట్టేశాననుకుని వచ్చే బేరం వెనక్కి పోతుందమ్మా!"

"అయితే చీకటిగా ఉండే గది చూపించండి."

చివరికి గొణుక్కుంటూనే వెనక సామాన్ల గదిలోకి తీసుకెళ్లి, అక్కడి లైటార్పి తలుపు మూశాడు. నా నుదురు అరకు తగిలింది. ఆయన కాలు స్టూలుకు తగిలింది. "ఎదురుగా పెట్టె ఉంది కదమ్మా, అది తీయండి" అన్నాడు. నేను ఆయన గొంతు వచ్చిన వైపు తిరిగి, ఫ్లాష్ లేకుండా, ఒక్కో కెమెరాతో ఒక్కో ఫొటో తీశాను. మొదటిదాంట్లో బొమ్మనిండా రంగురంగుల ఇసుక చల్లినట్టుంది. రెండోది గురి కుదరక లెన్సు గిరగిరా తిప్పుకుంటూనే ఉంది, తీయనే లేదు. మూడోది బాగా పాతది, పట్టుకునేచోట రబ్బరు ఊడింది, బ్యాటరీ మూతకు టేపు వేసి ఉంది. దాంట్లో పెట్టె వచ్చింది, పెట్టెకు కట్టిన తాడు వచ్చింది, ఆ పెట్టె మీద ముడుచుకుని పడుకున్న పిల్లి వచ్చింది.

"నా కొట్లో పిల్లి ఉందా!" అని కొట్టాయన ఒక్క గెంతు గెంతాడు. నేను ఇంకేమీ అడగలేదు. ఆ కెమెరానే తెచ్చుకున్నాను, తక్కువలో పాత ట్రైపాడ్ ఒకటి, కెమెరాని కదలకుండా నిలబెట్టే మూడుకాళ్ల స్టాండు, కూడా ఇచ్చాడు.

ఇప్పుడు ఆ మెలిక. ఆ గదిలో కొట్టాయనకు పిల్లి కనపడకపోయినా పెట్టె మసగ్గానైనా కనపడింది. నాకు పెట్టె కాదు కదా, ఎదురుగా గోడ ఉందో లేదో కూడా తెలియలేదు. నాకు రేచీకటి, నాన్నగారూ.

కొన్నాళ్లుగా సాయంత్రమయ్యేసరికి గడపలు తన్నుకుంటున్నాను. ఇంకొకరైతే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవారు. నేను అద్దాలు చేసేదాన్ని కదా, తప్పు అద్దాలదే అనుకున్నాను. నా జోడు నేనే మార్చుకున్నాను, మూడుసార్లు. చివరికి మా కొట్టుకు వచ్చే కళ్ల డాక్టరమ్మ కూర్చోబెట్టి పరీక్ష చేసింది. కంటి వెనక పొర పాడవుతోందట. నెమ్మదిగా పెరుగుతుందట. ఇప్పటికైతే మందు లేదంది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది. లేదనబోయి ఆగిపోయాను.

చుట్టుపక్కల కొట్లన్నిటికీ అసలు బేరం మొదలయ్యే వేళకు మీరు మన ఇనుప సామాన్ల కొట్టు షట్టరు దించేసేవారు. డబ్బాశ లేని మనిషని అందరూ మిమ్మల్ని మెచ్చుకునేవారు. దారిలో అమ్మ మీ మోచేయి పట్టుకుని నడిచేది. "చీకటంటే నాకు భయం" అనేది. అమ్మకా భయం! దొంగను చీపురుతో వీధి చివరిదాకా తరిమిన మనిషి. బడిలో నేను నాటకం వేసిన సాయంత్రం, ఆ వేషాలు చూడడం ఇష్టంలేదని చెప్పి మీరు రాలేదు. నేను ఏడ్చి మళ్లీ ఏ నాటకంలోనూ చేరలేదు. మీకు కనపడదని ఒక్క మాట చెప్పి ఉంటే ముందు వరసలో కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని అన్నీ చెప్పమని తమ్ముడికి అప్పగించేదాన్ని కదా!

డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చాక నాకు మీమీద చాలా కోపం వచ్చింది. ఇది మీ నుంచి నాకు వచ్చినందుకు కాదు. అందులో మీ తప్పేముంది? చెప్పనందుకు. మీరొక్కరే మోసినందుకు.

అయినా నేనూ మీ కూతురినే కదా, ఇంటికి వెళ్లి మీ అల్లుడికి చెప్పలేదు. కెమెరా సరదా అని చెప్పి బయటికి వెళ్లడం మొదలుపెట్టాను. మా వీధిలో దీపం లేని మూల ఒకటుంది. నాకది వట్టి నలుపు. అక్కడ ట్రైపాడ్ పెట్టి, ఆ నలుపు వైపు తిప్పి, నొక్కి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తెర వెలిగింది. మూసేసిన లాండ్రీ తలుపులు, వాటికి ఆనించిన సైకిలు, పైన మేడ మీద ఎవరో ఆరేసి మర్చిపోయిన చొక్కా. నాకిక దక్కవనుకున్నవన్నీ అరచేతిలోకి వచ్చాయి. ఏడుపొచ్చింది. తరవాత ఇంకాస్త పెద్దది చేసి చూశాను. స్తంభం పక్కన మీ అల్లుడు. చేతులు కట్టుకుని, నావైపే చూస్తూ.

ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది. చీకట్లోకే కేకేశాను: "స్తంభం పక్కన నిలబడ్డ పెద్దమనిషీ, ఇలా రండి!"

తల గోక్కుంటూ వచ్చాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మెట్లకి బల్బులు పెట్టానే, అప్పట్నుంచి."

"మరి అడగవేం?"

"నువ్వే చెప్తావని చూశా."

"నాకు కాపలా కాయక్కర్లేదు. వస్తే పక్కన రా, లేదా ఇంట్లో పడుకో. వెనకాల మాత్రం రావద్దు" అన్నాను.

ఇప్పుడు పక్కనే వస్తున్నాడు, ట్రైపాడ్ మోస్తూ, బరువని సణుక్కుంటూ. మా కొట్టు యజమానికీ చెప్పేశాను, చీకటిపడకముందే వెళ్లిపొమ్మన్నాడు. అక్కర్లేదు, వాకిట్లో బల్బు మార్పించండి చాలన్నాను. మార్పించాడు. మీ మనవరాలు నా చెయ్యి పట్టుకుని "మెట్టు! ఇంకో మెట్టు!" అని బస్సు కండక్టరులా అరుస్తుంది. దాని కళ్లు కూడా చూపించాం. ఇప్పటికేమీ లేదన్నారు. ముందుముందు వచ్చినా అదేమిటో దానికి తెలిసే ఉంటుంది. మా అమ్మకు ఉంది, తాతయ్యకు ఉంది అని డాక్టరుకు తడుముకోకుండా చెప్తుంది.

వచ్చే నెల నేనొక్కదాన్నే వస్తున్నాను. పొద్దుగుంకాక అక్కడికి చేరే బస్సుకు. అమ్మను పంపకండి, తమ్ముణ్ణి పంపకండి. మీరే రావాలి. వెలుగుండగానే వచ్చి బస్టాండులో బల్ల మీద కూర్చోండి, చీకటి పడుతుంటే లేచి వెళ్లిపోకండి. బస్సు దిగి నేను పిలుస్తాను, మీరు పలకండి, ఆ గొంతు వినపడ్డ వైపు వస్తాను. ఒకరి మోచేయి ఒకరం పట్టుకుని, దారిలో ఉన్న బండ్లన్నిటినీ గుద్దుకుంటూ ఇంటికి పోదాం. ఎవరో ఒకరు "ఏమైందండీ?" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు మీరు "నాకు చీకట్లో కనపడదు" అని గట్టిగా, నలుగురికీ వినపడేలా చెప్పాలి. చెప్పేదాకా అక్కణ్నుంచి అడుగు కదపను, మిమ్మల్ని కదలనివ్వను. నా మొండితనం ఎలాంటిదో మీకు తెలుసు. అదీ మీ దగ్గర్నుంచి వచ్చిందే.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి