తప్పెటగుళ్ల క్యాసెట్టుకి మూడు కన్నాల కార్డు

యమునా,

ఈ తాత గజపతినగరం వెళ్తన్నాడు, తన బావ నూకయ్యని తేవడానికి. పన్నెండుకల్లా ఆటోలో దిగుతారు. ఈలోగా మేమిద్దరం గుండెకి తప్పెటలు కట్టుకుని గెంతిన పాత తప్పెటగుళ్ల క్యాసెట్టు కంప్యూటర్లోకి ఎక్కించీ.

"వీసీఆర్ సచ్చిపోయింది తాతా" అని నిన్న ఏడిసావు. అది సావలేదే పిచ్చిదానా. బొమ్మని కంప్యూటర్లోకి ఎక్కించడానికి నువ్వు కొన్న కార్డు కొత్త కెమెరాలకి సరిపోయేది. పాత వీసీఆర్‌కి మూడు కన్నాలున్న కార్డు కావాలట. తాత ఆమదాలవలసలో కొని తెచ్చి బల్ల మీద పెట్టాడు. పసుపు వైరు బొమ్మకి, ఎరుపూ తెలుపూ పాటకి. రంగుకి రంగు కలుపు, సాలు. నీ కార్డు పారేయకు, నీ కెమెరాకి పనికొస్తాది.

తప్పు అందరూ సేస్తారు. తాత ఓసారి ఎడ్లబండికి ట్రాక్టరు సక్రాలు తొడిగాడు. ఆ మర్నాటినుంచి ఎడ్లు గడ్డి ముట్టలేదు, డీజిలు అడిగాయి.

ముందు మీ అత్త పెళ్లి క్యాసెట్టు పెట్టి సరిసూసుకో. అది తెగినా పరవాలేదు, అందులో అందరూ తింటన్నదే. తప్పెటగుళ్లది మాత్రం ఒక్కసారే ఆడించు, టేపు నీరసంగా ఉన్నాది.

కాళ్లు పడిపోయినకాడినుంచి నూకయ్య మంచం మీదే ఉన్నాడు. "ఒకప్పుడు గెంతీవోడినంటే నాకే నమ్మకం లేదు బావా" అన్నాడు మొన్న. అందుకే ఈ తొందర.

ఇంకోటి. ఆటలో మనిషి మీద మనిషి ఎక్కి గోపురం కట్టినప్పుడు అందరి భుజాల మీద నిలబడింది తానేనని తాత నీకు సెప్పేవాడు కదా. టేపులో పైనున్నది నూకయ్య. తాత అడుగున మోస్తన్నాడు. ఆ బొమ్మ వచ్చినప్పుడు నూకయ్యకి ఇనపడేలా తాతని ఎక్కిరించు.

ఇట్లు,
అడుగున మోసిన మీ తాత