బట్లహళ్ళి బస్సులో పక్క సీటు

అత్తా,

ఈరోజు చింతామణి కోర్టులో సాక్షి బోనెక్కాను. నువ్వు పోయాక కేసులోంచి నీ పేరు తీసేశారు. అయినా నీ కొడుకు తరఫు లాయరు మొదట నీ గురించే అడిగాడు.

"కట్నం కోసం మీ అత్త కొట్టిందా అమ్మా?"

"లేదప్పా. కొట్టింది ఆయన. ఆయమ్మ అడ్డమొచ్చి తానూ దెబ్బ తినింది."

"మరి ఆమె పేరెందుకు రాయిస్తివి?"

"ఇంట్లో అందరి పేర్లూ ఉంటేనే కేసు నిలుస్తాదనిరి. సంతకం చేసేసినా."

ఈ మాట ఆమె బతికుండగా చెప్పాల్సిందని జడ్జిగారు కన్నడంలో అన్నారు. ఇక ఆయన కొట్టాడన్న నా నిజాన్ని కూడా అబద్ధమే అంటారు. అననీ.

మా పుట్టిల్లూ మీ ఇల్లూ ఒకే ఊళ్లో, పొద్దున ఉండేది ఒకటే బస్సు. మూడేళ్లు ప్రతి వాయిదాకూ ముద్దాయివి నువ్వూ, ఫిర్యాదు చేసిన నేనూ అందులోనే వెళ్లాం. నువ్వు ముందెక్కి, పక్క సీట్లో సంచి పెట్టి, "రామ్మా, కూచో" అనేదానివి. నేను విననట్టు నిలబడే వచ్చేదాన్ని.

ఈరోజు తిరుగు బస్సు నేనే ముందెక్కాను. పక్క సీట్లో సంచి పెట్టాను.

"ఎవురికమ్మా?" అన్నాడు కండక్టరు.

సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.