చీకటి బీరు, గాజు మగ్గు

ఓబర్‌లిండాఖ్, బవేరియా
1963 మార్చి 4

బుర్గమ్మకి, మీ నాన్న అలోయిస్ పక్క కుర్చీలో నలభై ఏళ్ళు కూర్చున్న గ్రుబర్ దీవించి, కోపంతో రాస్తున్నది.

మీ నాన్న పోయి రెండు నెలలు కాలేదు. బీరు బట్టీ నీ చేతికి వచ్చీ రాగానే మా మట్టి ముంతలు అటకెక్కించి, గాజు మగ్గులు పెట్టావు. దాంతో నీ గుట్టు బయటపడింది. నిన్న కిటికీ దగ్గర మగ్గు ఎత్తి చూద్దును కదా, బీరు ఎర్రగా ఉంది! మన డుంకెల్ బీరు పేరుకు అర్థమే చీకటి. చీకట్లో ఇంత వెలుతురేమిటమ్మా? ఎన్ని బిందెల నీళ్ళు కలిపావు? మా బల్ల దగ్గర కూర్చునే ఆరుగురమూ శనివారం నుంచి పక్కూరి సత్రానికి పోతున్నాం.

ఇట్లు,
గ్రుబర్

తా.క. మగ్గులో ఉన్నది తాగేశాను. మారు కూడా పోయించుకున్నాను. అది వేరే సంగతి.

---

మార్చి 5

గ్రుబర్ బాబాయికి, బుర్గి నమస్కారాలు.

నీళ్ళ చుక్క కలపలేదు. అదే బావి, అదే దోరగా వేయించిన బార్లీ, అదే చల్లటి నేలమాళిగ. దాని రంగే అంత. ముంతలో మీకెప్పుడూ కనపడలేదు. మీ బల్ల లేచిపోతే ఊరు ఊరంతా లేచిపోతుంది, నేను బట్టీకి తాళం వేసుకోవాలి. చిన్న పీపా ఒకటి, మీ పాత ముంత పంపుతున్నాను. కళ్ళు మూసుకుని తాగి చెప్పండి.

మీ
బుర్గి

తా.క. చీకటి అని పేరు పెట్టింది నేను కాదు.

---

మార్చి 6

బుర్గమ్మకి, గ్రుబర్ మనసారా దీవించి రాస్తున్నది.

ఏడిపించావే తల్లీ! మొదట కాల్చిన రొట్టె పైపెచ్చు వాసన, తర్వాత కాస్త తీపి. చేదు చివర్లో వచ్చి, మర్యాదగా పలకరించి వెళ్ళిపోయింది. ఇదీ మీ నాన్న చేతి మహిమ! పోయేముందు ఆయన కాచి దాచిన పీపాలు ఇంకా ఎన్ని ఉన్నాయి? అవి అయిపోయేదాకా ఎక్కడికీ పోము.

ఇట్లు,
గ్రుబర్

తా.క. నీ ఎర్ర బీరు మాత్రం పక్కూరికే పంపించు.

---

మార్చి 7

బాబాయికి నమస్కారం.

అది నాన్న దాచిన పీపా కాదు. మీరు తిట్టిన ఎర్ర బీరే, అదే తొట్టిలోంచి పట్టాను.

ఇంకో మాట. పదకొండేళ్ళ కిందట జ్వరం వచ్చి నాన్నకి వాసన తెలియకుండా పోయింది. అప్పటినుంచీ కాచేది నేనే. ఆడపిల్ల కాచిందంటే మీరు ముఖం తిప్పుకుంటారని ఆయన తనే కాస్తున్నట్టు గరిటె పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. ఇష్టమైతే రండి. లేకపోతే పక్కూరి దారి మీకు తెలుసు.

బుర్గి

తా.క. అది సూపు వడ్డించుకునే గరిటె. ఒక్కరూ కనిపెట్టలేదు.

---

మార్చి 8

బుర్గమ్మకి, తల దించుకుని గ్రుబర్ రాస్తున్నది.

నీ ఉత్తరం మావాళ్ళని పిలిచి పైకి చదివాను. తాపీపని జావెర్ అన్నాడు: "ఒరేయ్, బీరు ఇంత బాగుపడింది కూడా అప్పుడే కదరా!"

నిజమే. "అలోయిస్, ముసలితనంలో నీ చెయ్యి తిరిగిందిరా" అని మేమంతా అప్పుడే మీ నాన్న భుజం తట్టాం. జన్మలో ఎవరికీ చుక్క ఊరికే పోయని ఆ పిసినారి ఆ రోజు అందరికీ పోయించాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. తన గొప్ప చూసుకుని పొంగిపోతున్నాడనుకున్నాం. నీ గొప్పకి పొంగాడని ఇప్పుడు తెలిసింది.

శనివారం ఆరుగురమూ వస్తున్నాం. గాజు మగ్గులే పెట్టు, కిటికీ పక్కన.

ఇట్లు, నీ బీరు తాగే
గ్రుబర్

తా.క. మీ నాన్న కుర్చీలో ఆ సూపు గరిటె పెట్టు. దానికీ ఒక మగ్గు పోద్దాం.