చల్లని కొలిమిలో పెట్టాలి

జూలై 7, సోమవారం
మామూలు పొద్దు. దీపం, తులసికి నీళ్లు, రామనామం నూటెనిమిది. ఏడింటి బస్సుకు గని ల్యాబుకు. బొగ్గుపొడి ఒక్కో గ్రాము తూచి పింగాణీ గిన్నెల్లో పోశాను. చల్లగా ఉన్న ఫర్నెస్‌లో పెట్టి, అప్పుడు స్విచ్చి. మెల్లగా వేడెక్కాలి. ఎర్రగా కాలుతున్నదాంట్లో పెడితే పొడి చిట్లి ఎగిరిపోతుంది, బూడిద తక్కువ తూగుతుంది. బొగ్గులో బూడిద ఎంతో తేల్చడం, ముప్పై ఏళ్లుగా ఇదే పని.
పదింటికి చెల్లెలు రమ ఫోన్. "అక్కా, మీ గని బొగ్గు మీదనే నా ప్రాజెక్టు. రేపొస్తున్న."
ప్రొఫెసర్ గారు.

జూలై 8
వచ్చింది. మేనేజర్ లేచి నిలబడ్డాడు. నా కుర్చీ ఆమెకు వేశారు. బొగ్గును గ్యాసుగా మార్చే కొత్త కొలిమి గురించి అరగంట చెప్పింది. నేను టీ తెచ్చాను... ఎవరూ తెమ్మనలేదు.
నాన్న ఊపిరితిత్తులు చెడి గని దిగలేనప్పుడు ఆయన బదులు ఈ ఉద్యోగం నాకొచ్చింది. ఎమ్మెస్సీ సీటు వదిలాను. ఇంజనీరింగ్ ఆమె చదివింది. ఇద్దరం చదివితే ఇల్లు గడిచేది కాదు. తెలుసు. అయినా—

జూలై 9
జపం కుదరలేదు. వేళ్లు లెక్క తప్పాయి.

జూలై 10
రమ దగ్గర చదివే అమ్మాయి మా ల్యాబులోనే బూడిద పరీక్ష చేసింది. ఎర్రగా కాలుతున్న ఫర్నెస్ తెరిచి గిన్నెలు పెట్టేసింది. రమ ఫోన్లో ఉంది. చిటపట నాకు వినబడింది. మాట నోటిదాకా వచ్చింది...
బూడిద నేను చూపినదానికంటే చాలా తక్కువ తేలింది.
రమ నవ్వింది. "మీ ల్యాబోళ్లు ఇంకా పాతకాలంలనే ఉన్నరే అక్కా! ఏంది మీ తూకం?"
మంచి బొగ్గని రాసుకుంది. ఆమె కొలిమి అంతా ఆ అంకె మీదే నిలుస్తుంది. బూడిద ఎక్కువైతే కరిగి గడ్డకట్టి లోపల దారి మూసేస్తుంది. అదీ నాకు తెలుసు.
"అవునేమోనే" అన్నాను.
రామా తండ్రీ, ఎంత తియ్యగా ఉందో ఆ మాట.

జూలై 11, శుక్రవారం
రేపు మధ్యాహ్నం రమ రిపోర్టు పంపుతుంది. ఎల్లుండి ఖమ్మంలో ఆమెకు సన్మానం.
సాయంత్రం అమ్మకూ తమ్ముడు శ్రీనుకూ చెప్పేశాను.
"చూసి గూడ ఎందుకు ఊకున్నవ్ అక్కా?" అన్నాడు శ్రీను.
"ఇప్పుడే ఫోన్ చెయ్. పంపినంక చెప్తే ఏం లాభం?" మళ్లీ వాడే.
అమ్మ ఫోన్ అందుకుని కొంగు కింద పెట్టుకుంది. "వద్దు బిడ్డా. చుట్టాలందరికీ చెప్పిన. సన్మానం ముంగట దాని మనసు ఇరగ్గొడ్తరా?"
చాలాసేపు మాటలు. చివరికి తేలింది ఇది: ఆదివారం దాటేదాకా రమకు ఎవరూ ఏమీ చెప్పకూడదు.
శ్రీను ఇంకా తల ఊపనే లేదు. ముందుగా సరేనన్నది నేనే.