కఫం డబ్బీ ఇప్పించుట గురించి

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు, సాంచెల కార్మికుడు పరశురాములు రాసుకున్న అర్జీ.

విషయం: నా బిడ్డ అనసూర్యకు ఈ వారంలోనే కఫం పరీక్ష చేయించుట గురించి.

అయ్యా,

1. నేను, నా భార్య బాలలక్ష్మి ఒకే కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాళ్లం. వాటిని మేము సాంచెలు అంటాము. దూది నుసికి దగ్గు మాకు మామూలు. పని దిగాక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాం. ఆమె దగ్గుకూ బెల్లమే పెట్టాను. ఈ తప్పు నాది.

2. సాంచెలు ఆడుతున్నప్పుడే ఆమె దగ్గేది. ఆ చప్పుడులో ఎవరికీ వినబడదు. ఒకనాడు కరెంటు పోయి అందరూ విన్నారు. పక్క సాంచె భూమన్న, "ఎన్నొద్దుల సంది వదినె గీ దగ్గు? సేటు వింటే పనికి రావద్దంటడు" అన్నాడు. "గందుకే గదా దాస్తున్న" అని ఆమె నవ్వింది.

3. నేను రోజూ చిట్టా రాసే మనిషిని. దగ్గు మొదలైన పందొమ్మిదో దినాన ఆమెను ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాను. సాయంత్రం జ్వరం వస్తున్నదని, చిక్కిపోతున్నదని చెప్పాను. "సాంచెలోళ్లకు రాక దగ్గు ఇంకెవలికొస్తదే?" అని మందులిచ్చే ఆయన దగ్గు మందు సీసా ఇచ్చాడు. ఇట్లా మూడుసార్లు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించుకోవలెనని ఆయన వెనుక గోడకే తమ శాఖ కాగితం ఉన్నది. చదివి చూపించాను. "చదువొస్తే మందు గూడ నువ్వే రాసుకో" అన్నాడు. నేను సీసా తీసుకొని తిరిగి వచ్చాను. అక్కడే నిలబడి అడగవలసింది.

4. యాభై రెండో దినాన కఫంలో నెత్తురు పడింది. పెద్దాసుపత్రిలో టీబీ అని తేల్చిన పదకొండో రోజు చనిపోయింది. దుమ్ము, బీడీ, ఉబ్బసం, పొట్టలో పులుపు, ఇట్లా దగ్గుకు కారణాలు చాలా ఉంటాయని, పరీక్ష లేకుండా తెలియదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ముందే ఎందుకు రాలేదని కోప్పడింది. మేము ముందే వచ్చామని తమకు మనవి చేస్తున్నాను.

5. ఇప్పుడు నా బిడ్డకు పదహారు రోజులుగా దగ్గు. ఇంట్లోవాళ్లను పరీక్షించడానికి ఎవరూ రాలేదు. నేనే తీసుకుపోతే అదే మనిషి, "కఫం డబ్బీలు ఒడిసినయి, వచ్చే నెల రా" అని సీసా చేతిలో పెట్టాడు. అనసూర్య ఇంటర్ చదువుతున్నది. ఏనాడూ కార్ఖానా గడప తొక్కలేదు. దాని గొంతులో దూది ఎక్కడిది?

కావున ఒక డబ్బీ, ఒక పరీక్ష, ఒక ఫలితం ఇప్పించే దారి తమరే చూపించవలెను.

తమ విధేయుడు,
పరశురాములు

మళ్లీ: ఇది చదివి బిడ్డ, "నా పేరు కొట్టెయ్ బాపు, కాలేజీల తెలుస్తది" అని ఏడ్చింది. కొట్టెయ్యలేదు. పేరు లేకుంటే డబ్బీ మీద ఏమి రాస్తారు? సోమవారం ఇద్దరం తమ ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాం. జవాబు కాగితం వద్దు సారూ. డబ్బీ పట్టుకొని బయటికి రండి.