మధ్యలో వదిలిన ఖాళీ

నగరి

చిరంజీవి బాలచంద్రకు,

నిన్ను భుజాన మోసిన మేనమామ తిరుమలయ్య దీవించి, ఆ వెంటనే కోప్పడి రాసేది. ఫోన్ చేస్తే మీటింగంటావు, అందుకే ఉత్తరం. తిరుపతిలో మేం కొన్న సెంటున్నర స్థలానికి ఇంటి ప్లానిస్తే, నాలుగు పక్కలా ఖాళీ వదలమని మీ మున్సిపల్ ఆఫీసు తిప్పి పంపింది. సంతకం నీదే! అదంతా వదిలితే మిగిలేది మంచం పట్టేంత. పెళ్లయినప్పటి నుంచీ అద్దె ఇళ్లలో మగ్గం పక్కన పడుకున్న మీ అత్తకు సొంత వంటిల్లు ఎక్కడ పెట్టమంటావు?

మండిపడుతున్న మామ

తా.క.: "మన పిల్లోడే ఆఫీసరు, ఇంక దిగులేముండాది" అని మీ అత్త వీధంతా చెప్పింది. ఇప్పుడు వీధిలోకే రావడం లేదు.

తిరుపతి

మామకు నమస్కారాలు.

రూలు నేను పెట్టింది కాదు. గాలీ వెలుతురూ రావాలంటే స్థలంలో అంత ఖాళీ ఉండి తీరాలి. బంధువని వదిలేస్తే నా ఉద్యోగం పోతుంది. ఖాళీ వదిలి కట్టండి.

మీ బాలచంద్ర

నగరి

బాలచంద్రా,

వదిలాం. గోడలు హద్దుల మీదే లేపి, నువ్వు చెప్పిన ఖాళీ అంతా నడిమధ్యన వదిలాం. మా నాయన ఇంట్లో ఉన్నట్టే, ఆకాశం కనబడే తొట్టికట్టు. గాలి ఇంట్లోవాళ్లకు కావాలా, వీధిలో మేకలకా? మేస్త్రీ మునిరామయ్య కూడా "ఆఫీసరు సెప్పింది న్యాయమే సామీ" అన్నాడు. గృహప్రవేశానికి రా.

ఇంటివాడైన మామ

తా.క.: నీ మీద గౌరవంతో ఒక అడుగు ఎక్కువే వదిలాను.

తిరుపతి

మామా,

ఎంత పని చేశారు! ఖాళీ ఇంటి చుట్టూ వదలాలి, ఇంటి మధ్యలో కాదు. హద్దుల మీది గోడలన్నీ కొట్టేయాల్సిందే. నోటీసు పంపుతున్నాను.

తల పట్టుకున్న బాలచంద్ర

తా.క.: కొట్టాక ఏం మిగులుతుందని అడగొద్దు. ఖాళీయే మిగులుతుంది.

తిరుపతి, మీ ఇంటి వరండా

ఆఫీసరు గారికి,

నోటీసు చూసి మీ అత్త ఏడ్చింది. నిన్ను నాలుగు దులుపుదామని వస్తే నువ్వు క్యాంపులో ఉన్నావు. రాగానే చూస్తావని ఈ ఉత్తరం నీ ఆఫీసుకు రాస్తున్నాను. మీ ఆవిడ జయంతి కాఫీ ఇచ్చింది, బంగారు తల్లి. ఇంతలో మీ అత్త వంటింటి గోడకు చెవి పెట్టి, "ఏందయ్యా, పక్కింటోళ్ల మిక్సీ మన చెవిలోనే తిరగతాండాది!" అంది. నాకు ఒళ్లు మండింది. మేస్త్రీతో టేపు తెప్పించి కొలిపించాను. పక్కన వదలాల్సిన చోటంతా నీ వంటిల్లే. వెనక వదలాల్సింది స్నానాల గది. నేను తప్పు చోట వదిలాను, నువ్వు ఏ చోటా వదల్లేదు!

మేస్త్రీ తెచ్చిన గునపం వరండాలోనే ఉంది. ముందు ఎవరి గోడ కొట్టాలో రాసి, సంతకం పెట్టి పంపు.

నీ మామ

తా.క.: తొందరేం లేదు. మీ అత్తకు ఈ వంటిల్లు బాగా నచ్చింది. మా సామాన్లు తెప్పించి ఇందులోనే సర్దుకుంటోంది.